సుంకం కట్టమన్న పక్షి

దుక్మ్, ఒమన్,
శుక్రవారం.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మాదాపూర్ స్టేట్ గ్యాలరీలో పెద్ద కాన్వాసు నిండా నలుపు పూసి మూలన ఎర్రచుక్క పెట్టిన బొమ్మ చూశానని, "మన చంటిగాడూ వేస్తాడు ఇలాంటిది, దీన్ని కళ అని తేల్చిందెవరు మామయ్యా?" అని అడిగావు. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

తేల్చే పని ఒకసారి నిజంగానే కస్టమ్స్ వాళ్ల మీద పడింది. బ్రాంకూసి అని రుమేనియాలో పుట్టిన శిల్పి. ఆయన చేసిన కంచు పక్షి 1926లో ఓడ మీద న్యూయార్క్ చేరింది. దానికి రెక్కల్లేవు, ఈకల్లేవు. సన్నగా పైకి సాగిన మెరిసే లోహం, అంతే. కళాఖండాలకైతే అక్కడ సుంకం లేదు. అధికారులు దాన్ని కళగా ఒప్పుకోలేదు. వంటసామాను, ఆసుపత్రి సామగ్రి పద్దులో రాసి 40 శాతం సుంకం కట్టమన్నారు. వ్యవహారం కోర్టుకెక్కింది. మంచి మెకానిక్ ఎవరైనా దీన్ని ఇలా నునుపు చేయలేడా అని ప్రభుత్వ వకీలు అడిగితే, నునుపు చేయగలడు గానీ ఊహించలేడు అన్నాడు సాక్షిగా వచ్చిన శిల్పి జేకబ్ ఎప్‌స్టైన్. 1928లో తీర్పు బ్రాంకూసి పక్షానే వచ్చింది.

ఎప్‌స్టైన్ జవాబు నాకెందుకు పట్టిందో చెబుతాను. ఇక్కడి డ్రై డాక్‌లో ఓడ ప్రొపెల్లర్లను మావాళ్లు పాలిష్ చేస్తుంటే రోజూ చూస్తాను. వేలితో తడిమి గరుకు ఎక్కడుందో చెప్పేస్తారు. ఆ పనితనానికి చేతులెత్తి మొక్కాలి. కానీ రెక్క ఎంత వంగాలో డ్రాయింగ్ ముందే చెప్పేసింది. బ్రాంకూసి చేతికి డ్రాయింగ్ ఎవరూ ఇవ్వలేదు. ఎక్కడ సన్నబడాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఆయనే తేల్చుకోవాలి. అందుకోసం 1910 ప్రాంతం నుంచి 1940 దాకా పక్షుల మీదే పని చేస్తూ వచ్చాడు.

ఈ ఊరి దగ్గర రాళ్లతోట ఉంది. సున్నపురాయినీ ఇసుకరాయినీ గాలీ నీళ్లూ కోట్ల ఏళ్లుగా కోసిన ఆకారాలు. ఒక రాయి అడుగున మనిషి నడుమంత సన్నం, పైన నలుగురు కూర్చునేంత వెడల్పు. చెయ్యి ఆనిస్తే అరచేతికి ఇసుక అంటుతుంది. దాన్ని చూస్తూ ఎంతసేపైనా నిలబడతాను. అయినా కళ అనను. ఇక్కడితో ఆపుదామని గాలి అనుకోలేదు కదా! నువ్వు చూసిన కాన్వాసు వేసిన మనిషి ఎర్రచుక్క దగ్గర చెయ్యి ఆపారు. ఎందుకు ఆపారో పట్టుకోవడానికి ప్రయత్నించు.

గ్యాలరీలూ కొనేవాళ్లూ విమర్శకులూ కలిసి తేల్చేస్తున్నారన్న నీ కోపంలో న్యాయం ఉంది. వాళ్ల మాట చెల్లుతుంది, చాలాసార్లు అన్యాయంగానే చెల్లుతుంది. 1947 నాటి బొంబాయి ప్రోగ్రెసివ్ చిత్రకారుల బృందంలో హుసేన్, రజా, సూజా ఉన్నారని కళ గురించి కాస్త చదివిన ప్రతివాళ్లకీ తెలుసు. అంతకు ఆరేళ్ల ముందే, 1941లో, అదే బొంబాయిలో కొత్తదారి పట్టిన యువ చిత్రకారుల్లో మన కరీంనగర్ జిల్లా అన్నారంలో పుట్టిన పి.టి. రెడ్డిగారు ముందున్నారు. ఆయన పేరు మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు? లోటు ఆయన బొమ్మల్లో లేదు. వాటి ముందు నిలబడి, చూసి, పదిమందికీ చెప్పినవాళ్లు చాల్లేదు. ఆ చెప్పేవాళ్లలో నువ్వూ ఉండాలని నా ఆశ. డిగ్రీ అక్కర్లేదు. గుంటూరు జిల్లా తుమ్మపూడిలో ఉంటూ సంజీవదేవ్‌గారు ప్రపంచ చిత్రకళ గురించి తెలుగులో ఎంత రాశారో చూడు. ఆయన ఆత్మకథ 'తెగిన జ్ఞాపకాలు' మీ కాలేజీ లైబ్రరీలో దొరకకపోతే కొని పంపిస్తాను.

ధర చూసి మెచ్చుకోకు. పక్కవాళ్లు తలూపారని తలూపకు. తీరిగ్గా చూశాక కూడా నచ్చకపోతే నచ్చలేదనే చెప్పు, నాకు సంతోషమే. ఎందుకు నచ్చలేదో మాత్రం బొమ్మలోంచే చూపించాలి.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లు. ఫోను బ్యాగులో పెట్టెయ్. పక్కన అంటించిన చీటీ చివర్లో చదువు. ముందు దగ్గరికెళ్లి చూడు: అంతా ఒకటే నలుపా, కింద ఇంకో రంగు తొంగిచూస్తోందా? చుక్క నలుపు మీద పెట్టారా, లేక దాని చుట్టూ నలుపు పూసుకొచ్చారా? కనబడిందంతా నాకు రాయి. డిసెంబర్‌లో సెలవుకి వస్తున్నాను, అప్పటికీ ఆ బొమ్మ అక్కడుంటే నన్నూ తీసుకెళ్లు.

అక్కనీ బావగారినీ అడిగినట్టు చెప్పు.

మీ మామయ్య