మన దరఖాస్తు మన చేతులతోనే: హైస్కూలు పిల్లలకు కంప్యూటరు పాఠం

ఎనిమిదో తరగతి పిల్లవాడి చేతికి ఫోను ఇస్తే పెద్దలకు తెలియనివన్నీ చేసి చూపిస్తాడు. అదే పిల్లవాణ్ణి కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, "ఇప్పుడు టైపు చేసింది సేవ్ చేసి, మూసేసి, మళ్ళీ తెరిచి చూపించు" అంటే తడబడతాడు. ఫోను తీసిన ఫోటోను ఎక్కడ దాచాలో అదే చూసుకుంటుంది. కంప్యూటరులో ఆ పని మనది. ఏ ఫోల్డరులో, ఏ పేరుతో పెట్టామో మనకే గుర్తుండాలి. అందుకే మేము మొదటి వారమంతా టైపింగు జోలికి పోకుండా, పిల్లల చేత వాళ్ళ పేరుతో ఫోల్డరు తెరిపించి, అందులో ఫైలు పెట్టడం, వెతికి తీయడం మాత్రమే చేయిస్తాం.

ఇదంతా ఎందుకంటే, పదో తరగతి కాగానే పాలిసెట్ అయినా, ఉపకార వేతనమైనా దరఖాస్తు ఆన్‌లైనులోనే. పిల్లలు కాగితాలు నెట్ సెంటరులో ఇచ్చేసి వస్తారు. అక్కడ గంటకు ఎంతోమందివి నింపుతుంటారు. పేరు సరిగా పడిందో లేదో మన పిల్లవాడే చూసుకోవాలి.

మన పిల్లల పేర్లతో ఈ చిక్కు మరీ ఎక్కువ. ఆధార్‌లో ఎం.డి. అని రెండక్షరాలుంటే, పదో తరగతి మెమోలో మొహమ్మద్ అని పూర్తిగా ఉంటుంది. షేక్ ఒకచోట పేరుకు ముందు, ఇంకోచోట వెనుక. ఇంగ్లీషులో దాని స్పెల్లింగులే రెండు మూడు రకాలు. మనుషులు చూస్తే ఒక్కరే అనుకుంటారు. కంప్యూటరుకు ప్రతి అక్షరమూ ఒక సంఖ్య. అక్షరం అక్షరం పోల్చి చూస్తే ఒక్కటి తేడా వచ్చినా ఆ రెండూ వేరు వేరు పేర్లే. మధ్యలో వదిలిన ఖాళీ కూడా దాని లెక్కలో అక్షరమే. కాబట్టి మెమోను పక్కన పెట్టుకుని, ఒకరు అక్షరాలు చదువుతుంటే ఇంకొకరు తెర మీద సరిచూడడం అలవాటు చేయాలి. ఆధార్‌లో తేడా ఉంటే తొమ్మిదో తరగతిలోనే సరిచేయించుకోవడం మేలు. పదో తరగతి పరీక్షల హడావుడిలో అది జరగని పని.

తెలుగు టైపింగు కూడా రావాలి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉంటాయి. "అమ్మ" అని కొట్టాలంటే షిఫ్టు పట్టుకుని డి, తర్వాత సి, డి, సి. ఒంటి డి అంటే పొల్లు. హిందీలోనూ మ అక్షరం ఆ సి మీదే ఉంటుంది కనుక ఒకటి నేర్చుకుంటే రెండో భాష సగం వచ్చినట్టే.

ఇక ఫోటో దగ్గర చాలామంది ఆగిపోతారు. ఫారం 50 కేబీలకు మించవద్దంటుంది. ఫోనుతో తీసిన ఫోటో చూస్తే మూడు ఎంబీలు. ఒక ఎంబీ అంటే 1024 కేబీలు. పెయింట్‌లో తెరిచి, ముందు ముఖమూ భుజాలూ ఉంచి మిగతాది క్రాప్ చేయాలి. తర్వాత రీసైజ్‌లో 50 శాతం అని పెడితే పొడవు సగమవుతుంది, వెడల్పూ సగమవుతుంది. అంటే చుక్కలు నాలుగో వంతే మిగులుతాయి. వైశాల్యం లెక్కలు చెప్పే మాస్టారు ఈ ఉదాహరణ వాడుకోవచ్చు. సరిపోకపోతే మళ్ళీ తగ్గించాలి. సేవ్ యాజ్ నొక్కి, జేపెగ్‌గా, వేరే పేరుతో దాచాలి. ఉత్త సేవ్ నొక్కితే అసలు ఫోటో పోతుంది. సర్టిఫికెట్టును ఇలా తగ్గించాక అంకెలు చదవగలుగుతున్నామో లేదో పెద్దది చేసి చూడాలి.

నెట్ సెంటరుకు వెళ్ళక తప్పనప్పుడు కూడా ఫోను నంబరు, ఈమెయిలు మనవే ఇవ్వాలి. ఓటీపీ ఇంకొకరి ఫోనుకు వెళితే మరుసటి ఏడు రెన్యువల్‌కు ఆ మనిషిని వెతుక్కుంటూ తిరగాలి. పాస్‌వర్డు సేవ్ చేయమంటారా అని కంప్యూటరు అడిగితే వద్దనాలి. లేచే ముందు సైన్ అవుట్ చేసి, అక్కడ దింపుకున్న ఆధార్ కాపీని తుడిచేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి.

బడిలో కంప్యూటర్లు తక్కువైతే ఒక్కోదాని ముందు ఇద్దరిని కూర్చోబెట్టి, పావుగంటకోసారి కుర్చీలు మార్పించండి. లేకపోతే చురుకైనవాడి చేతి నుంచి మౌసు కదలదు, పక్కనున్న అమ్మాయి ఏడాదంతా చూస్తూనే ఉంటుంది.