కైరో వెళ్తున్న అమ్మడికి

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి అమ్మడికి,

అరబ్బీ సాహిత్యంలో పరిశోధనకు కైరో వెళ్తున్నావని అక్క చెప్పింది. కడుపు నిండిపోయింది. ఒక్క మాట చెప్తాను, గుర్తుంచుకో. అక్కడ ఏ పుస్తకం పట్టుకున్నా, అందులో ఏముందో చదవడంతో ఆగకు. దాన్ని ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు ఆపారు, అదీ చదువు.

1908లో మొదలైన కైరో విశ్వవిద్యాలయం ఇచ్చిన తొలి డాక్టరేట్, 1914లో, తాహా హుసేన్‌ది. ఇస్లాంకు ముందునాటిదని చెప్పుకునే కవిత్వంలో చాలా భాగం తర్వాత పుట్టిందేనని 1926లో ఆయన పుస్తకం రాస్తే దేశం అట్టుడికిపోయింది. ఆయన మీద పెట్టిన కేసు కొట్టేశారు కానీ, ఆయన కొంత తీసేసి, కొంత చేర్చి, పేరు మార్చి మళ్లీ అచ్చువేయాల్సి వచ్చింది. కాబట్టి నీ చేతికొచ్చింది ఏ కూర్పో చూసుకో. 1932లో ప్రభుత్వం ఆయన్ని డీన్ పదవి నుంచి తప్పిస్తే, విశ్వవిద్యాలయాధిపతి లుత్ఫీ అల్ సయ్యద్ నిరసనగా రాజీనామా చేశాడు. ఆ సంగతీ మరవకు.

1947లో ఖురాన్ కథనకళ మీద ఖలఫల్లా అనే పరిశోధకుడు రాసిన సిద్ధాంత గ్రంథాన్ని అదే విశ్వవిద్యాలయంలో తిరస్కరించారు. పాతికేళ్ల తర్వాత అదే రంగంలోకి వెళ్లమన్నప్పుడు అక్కడి మరో పరిశోధకుడు నస్ర్ అబూ జైద్ ఆ ఉదంతం తలచుకుని జంకాడు. ఒక్క తిరస్కారం ఎంత దూరం పాకుతుందో చూశావా? ఆయన జంకు వదిలి ఆ రంగంలోనే పనిచేశాడు. ప్రొఫెసర్ పదవికి దరఖాస్తు పెడితే, ఆయన రచనల మీద వచ్చిన మూడు నివేదికల్లో రెండు అనుకూలంగా ఉన్నా కమిటీ 7-6 ఓట్లతో కాదంది. వివాదం కోర్టుకెక్కింది. 1995లో విశ్వవిద్యాలయం పదోన్నతి ఇచ్చిన కొద్దిరోజులకే కోర్టు ఆయన్ని మతభ్రష్టుడని తేల్చి, పెళ్లి రద్దు చేసింది. భార్యాభర్తలిద్దరూ నెదర్లాండ్స్ వెళ్లిపోయారు.

ఇదంతా పరాయి ఊరి గొడవ అనుకోకు. బయల్దేరేలోపు ఉస్మానియాలోని దాయిరతుల్ మారిఫ్‌కు ఒకసారి వెళ్లిరా. 1888 నుంచి అరబ్బీ రాతప్రతుల్ని పరిష్కరించి అచ్చువేస్తున్న చోటు అది. ఏ ప్రతిని అచ్చుకెక్కించాలి, దేన్ని బీరువాలో ఉంచాలి అనే నిర్ణయం మన ఊళ్లోనూ జరిగింది.

రేపు నువ్వూ అలాంటి కమిటీలో కూర్చుంటావు తల్లీ. పుస్తకం చివరిదాకా చదవకుండా చెయ్యెత్తకు. కైరోలో తేడా ఒక్క చెయ్యే.

ప్రేమతో,
పిన్ని