బడి వదలకుండా పీహెచ్‌డీ

ప్రశ్న: ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని. ఎంఈడీలో 58 శాతం వచ్చింది. పిల్లల చదవడం, రాయడం మీద పీహెచ్‌డీ చేయాలంటే ఉద్యోగం మానుకోవాలా?
– ఒక పాఠకురాలు, భద్రాచలం

జవాబు: మానుకోవద్దు. యూజీసీ 2022 నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని అనుమతిస్తున్నాయి. మీ శాఖ నుంచి ఎన్‌ఓసీ కావాలి, అంతే. పీజీలో 55 శాతం అర్హత మీకు ఉండనే ఉంది. గడువు మూడు నుంచి ఆరేళ్లు, మహిళలకు మరో రెండేళ్లు అదనం. 2024 నుంచి నెట్ స్కోరుతోనూ సీటు పొందవచ్చు, కాకపోతే ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది.

మన దగ్గర ఈ అంశానికి విడిగా శాఖలు వెతికితే నిరాశే. ఎడ్యుకేషన్ విభాగాల్లోనే చేయాలి. అందుకే యూనివర్సిటీ పేరు కన్నా గైడ్ ముఖ్యం. ఆయన గానీ ఆవిడ గానీ ప్రాథమిక తరగతుల మీద ఏం రాశారో చదివాకే దరఖాస్తు పెట్టండి.

ఇక అంశం. ‘తెలుగు పిల్లల పఠన సామర్థ్యం’ లాంటి శీర్షికలు ఇప్పటికే కుప్పలు! మీ ప్రాంతంలో ఇంట్లో కోయ మాట్లాడి, బడిలో తెలుగు అక్షరాలు దిద్దే పిల్లలున్నారు. రెండో తరగతిలో వాళ్లు గుణింతాల దగ్గర ఆగుతున్నారా, ఒత్తుల దగ్గరా, లేక చదివిన మాటే అర్థం కావడం లేదా? ఈ ఒక్క ప్రశ్న చాలు. తల్లిదండ్రుల అనుమతితో ఇప్పటి నుంచే నోటు పుస్తకాల నకళ్లు దాచిపెట్టండి.