పాంక్రియాస్ ఆపరేషన్: కార్డు ఉంది సరే, చేయించుకోవాలా వద్దా?

"కార్డు ఉంది, ఆపరేషన్ ఫ్రీ అంటున్నరు. చేయించమంటరా సార్?" పాంక్రియాస్ జబ్బుతో ఏళ్ల తరబడి కడుపునొప్పి పడుతున్న వాళ్ల ఇళ్లలో వచ్చే ప్రశ్న ఇదే. నిజానికి ఇవి రెండు ప్రశ్నలు. ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అన్నది ఒకటి, దానికి రాజీవ్ ఆరోగ్యశ్రీ జవాబు చెప్తుంది. ఆపరేషన్ అవసరమా అన్నది రెండోది. అది పేషెంటు, ఇంటివాళ్లు, డాక్టరు కలిసి కూర్చుని తేల్చుకోవాల్సిందే.

జబ్బు ఏమిటి?

పాంక్రియాస్, అంటే క్లోమ గ్రంథి, పొట్ట వెనక ఉంటుంది. తిన్నది అరిగించే రసాలు, షుగర్‌ను అదుపులో పెట్టే ఇన్సులిన్ అక్కడే తయారవుతాయి. పదే పదే వాపు వచ్చి ఈ గ్రంథి గట్టిపడటాన్ని దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్ అంటారు. చాలామందికి లోపలి నాళంలో రాళ్లు కూడా చేరతాయి. మద్యం, పొగాకు పెద్ద కారణాలు. అయితే దక్షిణ భారతదేశంలో చుక్క ముట్టని యువకుల్లోనూ, ఆడవాళ్లలోనూ ఇది కనిపిస్తుంది. పేషెంటును "తాగుబోతు" అని నిందించకండి.

ఆపరేషన్ కంటే ముందు

మద్యం, బీడీ, గుట్కా పూర్తిగా మానాలి. అన్నంతో పాటు ఎంజైమ్ గోలీలు, నొప్పి మందులు, షుగర్ ఉంటే దానికి చికిత్స ఇస్తారు. నాళంలో రాయి అడ్డుపడితే బయటి నుంచి తరంగాలతో పగలగొట్టి, ఎండోస్కోపీతో తీసి స్టెంట్ వేయడం ఇంకో దారి. ఇందులో కోత ఉండదు, కానీ చాలామందికి పలుమార్లు చేయాల్సి వస్తుంది.

ఆపరేషన్ ఎవరికి?

మందులకు లొంగని నొప్పి, ఉబ్బిన నాళం, గ్రంథి తల భాగంలో గడ్డ, క్యాన్సర్ అనుమానం, పిత్తనాళం మూసుకుపోవడం ఉంటే సర్జన్ ఆపరేషన్ మాట ఎత్తుతారు. సాధారణంగా నాళాన్ని నిలువునా తెరిచి పేగుకు కలుపుతారు.

నెదర్లాండ్స్‌లో 88 మందిపై చేసిన ఒక పరిశోధన 2020లో వెలువడింది. అందరికీ నాళం ఉబ్బి ఉంది. ఎండోస్కోపీతో మొదలుపెట్టిన వాళ్లకంటే త్వరగా ఆపరేషన్ చేయించుకున్న వాళ్లకు 18 నెలల్లో నొప్పి సగటున తక్కువగా ఉంది. అయితే రెండు వైపులా నొప్పి తగ్గని వాళ్లూ ఉన్నారు. కాబట్టి భయంతో ఏళ్లకు ఏళ్లు బలమైన నొప్పి మందుల మీద నెట్టుకురావడం మంచిది కాదు. ఫ్రీ కదా అని తొందరపడటమూ మంచిది కాదు.

ఇది నొప్పి తగ్గించడానికి చేసే ఆపరేషన్. వచ్చిన షుగర్ పోదు, ఎంజైమ్ గోలీలు ఆగకపోవచ్చు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, కుట్ల దగ్గర లీకు లాంటి ప్రమాదాలుంటాయి. మళ్లీ మందు తాగితే నొప్పి తిరిగి రావచ్చు.

సంతకం పెట్టే ముందు అడగండి

1. నా స్కాన్‌లో నాళం ఉబ్బిందా? గడ్డ ఉందా?
2. ఎండోస్కోపీతో కాదా? ఎందుకు?
3. ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది?
4. ఇలాంటి ఆపరేషన్లు మీ దగ్గర ఏడాదికి ఎన్ని జరుగుతాయి?
5. మళ్లీ పొలం పనికి ఎప్పుడు పోవచ్చు?

ఆరోగ్యశ్రీ ఎలా?

అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు వర్తిస్తుంది. ఆహార భద్రతా కార్డు, ఆధార్, పాత స్కాన్‌లు, రిపోర్టులు తీసుకుని ముందుగా వరంగల్ ఎంజీఎంలో చూపించుకోండి. పెద్ద సర్జరీ అవసరమైతే హైదరాబాద్‌లోని నిమ్స్, ఉస్మానియా లాంటి ఆసుపత్రులకు పంపవచ్చు. ఎక్కడికి వెళ్లినా ముందు ఆరోగ్యమిత్రను కలవండి. మీ చికిత్స పథకంలో ఉందో లేదో, డిశ్చార్జి తర్వాత మందులు ఏ మేరకు ఇస్తారో ఆయన్నే అడగండి. సందేహాలుంటే 104కు ఫోన్ చేయండి.

ఆపరేషన్‌కు ట్రస్టు ముందస్తు అనుమతి ఇస్తుంది. అనుమతి వచ్చినంత మాత్రాన మీరు ఒప్పుకున్నట్టు కాదు. "ఇంకో డాక్టరుకు చూపించుకుని వస్తాం" అనే హక్కు మీకు ఉంది.

కానీ జ్వరం, ఆగని వాంతులు, కళ్లు పచ్చబడటం, రక్తపు వాంతి ఉంటే ఆలోచిస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి.