ట్రాన్స్‌జెండర్లకు తోటివాళ్ళ తోడు ఎందుకు కావాలి?

మాది పెర్మిలి. ఇంట్లో అమ్మతో తెలుగు, నాన్నతో మరాఠీ. మరాఠీ పేపర్లో ‘తృతీయపంథీ’ అని రాస్తారు. తెలుగులో ఏమంటారమ్మా అని అడిగితే అమ్మ చెప్పిన మొదటి మాట ఈ గోడపత్రికలో రాయలేను. ఎనిమిదో తరగతిలో మాతో చదివిన ఒకరిని మేము ఆ మాటతోనే పిలిచేవాళ్ళం. పలక్కపోతే ఇంకా గట్టిగా పిలిచేవాళ్ళం. దసరా సెలవుల తరవాత తను మళ్ళీ బడికి రాలేదు.

అలాంటి మాటలు రోజూ పడేవాళ్ళకి నిద్ర పట్టదు. నలుగురిలోకి రావాలంటే భయం. చివరికి లోకం అన్నదే నిజమేమో అనిపిస్తుంది. ట్రాన్స్‌జెండర్ కావడం జబ్బు కాదు, ఈ ఒత్తిడే మనసుని దెబ్బతీస్తుంది. అమెరికాలో వాల్టర్ బాక్టింగ్ బృందం 1,093 మంది ట్రాన్స్‌జెండర్లపై చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. చిన్నచూపు ఎక్కువైనకొద్దీ మానసిక బాధ ఎక్కువని తేలింది. ఇది ఊహించిందే. కానీ తమలాంటి వాళ్ళ తోడు ఉన్నచోట చిన్నచూపు ప్రభావం తగ్గిందట. నాకు తోచిన కారణం ఒకటి. మన దగ్గర వాళ్ళు ముందు తామెవరో వివరించుకోవాలి, ఆ తరవాతే బాధ చెప్పుకోవాలి. తోటివాళ్ళ దగ్గర ఆ మొదటి పని ఉండదు.

మాకు ప్రాణహిత అవతల, పాత హైదరాబాద్ సంస్థానంలో, 1919లో ఒక చట్టం వచ్చింది. హిజ్రాల పేర్లు రిజిస్టర్లో ఎక్కించేవారు. వాళ్ళు ఆడవేషంలో వీధిలో కనబడినా, పాడినా, ఆడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. అంటే కలిసి బతకడమే నేరం లాంటిది! వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకి వెళ్తే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది.

ఇల్లు వదిలొచ్చిన వాళ్ళకి హిజ్రా సమాజంలో గురువే తల్లి. అన్నం, చోటు, వరస పెట్టి పిలిచే మనుషులు దొరుకుతారు. కట్టుబాట్లు, జరిమానాలు కూడా ఉంటాయి, అంతా హాయి అనలేం. ఇంకో రకం తోడు హైదరాబాద్‌లో 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్. అక్కడ డాక్టరు, కౌన్సెలరు కూడా ట్రాన్స్‌జెండర్లే. 2025 మొదట్లో అమెరికా ప్రభుత్వ నిధులు ఆగి అది మూతపడింది. తరవాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో తెరిచారు. మా ఊరి నుంచి అంతదూరం పోలేనివాళ్ళు 14416, టెలిమానస్‌కి ఫోన్ చేయొచ్చు, డబ్బులేం పడవు.

ఇదంతా చదివి వినిపించాక అమ్మ కాసేపు ఆలోచించి, “పేరు పెట్టి పిలవచ్చు కదే” అంది. నాకు బడి హాజరు పట్టీలో ఉన్న పేరే తెలుసు. తను పెట్టుకున్న పేరు తెలీదు.