దేశాంతరములందు విద్యుచ్ఛక్తి: కంప్యూటరు పెట్టెకు వెనుకనున్న ఎఱ్ఱమీట

మన ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు ప్రాంతములనుండి చదువునకును ఉద్యోగమునకును అమెరికా, సింగపూరు, గల్ఫు దేశములకు వెళ్లినవారు పలువురు కలరు. వారు సెలవులకు వచ్చునపుడు తాము వాడిన కంప్యూటరును తమ్మునికో మేనల్లునికో తెచ్చి యిచ్చుట కద్దు. అట్టి పాత పెట్టెలు కొన్నింటికి వెనుకవైపున, తీగ తగిలించు చోటికి ప్రక్కగా, చిన్న ఎఱ్ఱమీట యొకటి యుండును. దానిపై 115 అనియో 230 అనియో అంకె కనబడును. అమెరికానుండి వచ్చిన పెట్టెపై సాధారణముగా 115 అనియే యుండును. దానిని చూడక మన యింటి గోడకున్న సాకెట్టులో ప్లగ్గు దూర్చిన బాలునకు క్షణములో టపాకాయ ప్రేలినట్టి చప్పుడు వినవచ్చును, పెట్టెనుండి పొగ వెడలును. బహుమానము చేతికందిన దినముననే చెడిపోవును. ఇట్లేల జరుగునో విద్యార్థులు తెలిసికొనుట అవసరము.

మన దేశమున ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. అది సెకనునకు 50 సారులు ఆవర్తించును. అమెరికాలో 120 వోల్టులు, 60 ఆవర్తనములు. ఈ భేదమునకు మూలము చరిత్రలో నున్నది. 1882వ సంవత్సరమున ఎడిసన్ న్యూయార్కునగరమున పెరల్ వీధిలో విద్యుత్కేంద్రమును నెలకొల్పి, తన దీపములకు తగినట్లు సుమారు 110 వోల్టుల శక్తిని పంచెను. అమెరికా ఆ మార్గముననే నడచెను. ఐరోపాలో బెర్లిన్ విద్యుత్సంస్థ 19వ శతాబ్ది చివరను 220 వోల్టులకు మాఱినది. వోల్టులు రెట్టింపైనచో అంతే శక్తికి ప్రవాహము సగము చాలును. తీగలో వేడిగా నష్టమగునది నాలుగవవంతునకు తగ్గును. అనగా రాగి ఆదా యగును. మనకు వచ్చినది ఆ ఐరోపా పద్ధతియే.

ఒక్క దేశములోనే రెండు పద్ధతులుండుటయు కలదు. జపానులో వోల్టులు 100 మాత్రమే. కాని తూర్పున టోక్యోకు మొదట జర్మనీ యంత్రములు, పడమట ఒసాకాకు అమెరికా యంత్రములు వచ్చుటచే, నేటికిని తూర్పున 50, పడమట 60 ఆవర్తనములు. అంత దూరమేల? 1902లో కావేరిపై శివసముద్రమున పుట్టిన విద్యుత్తును సుమారు 92 మైళ్లు తీగలపై నడిపి కోలారు బంగారు గనులకు చేర్చిరి. ఆ గనులలో మన తెలుగువారును తమిళులును పనిచేసిరి. ఆనాడు ఆ విద్యుత్తు సెకనునకు 25 ఆవర్తనములదే! ఆ కావేరియే దిగువకు వచ్చి మన హొగెనక్కల్లున దుముకుచున్నది.

ఇక పెట్టెలోనికి పోదము. కంప్యూటరునకు కావలసినది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తు మాత్రమే. పవర్ సప్లై అను భాగము ముందుగా గోడనుండి వచ్చు ఏకాంతర విద్యుత్తును ఏకముఖముగా మార్చి, రెండు పెద్ద కండెన్సర్లలో నింపును. పిదప దానిని సెకనునకు పదుల వేలసారులు తెగగొట్టి, చిన్న ట్రాన్స్‌ఫార్మరుద్వారా తగ్గించును. మొదట ఏకముఖమే యగుటచే 50 ఆవర్తనములా, 60 ఆవర్తనములా యన్న ప్రశ్న కంప్యూటరునకు లేదు. చూడవలసినది వోల్టులే.

మనము 230 వోల్టులని చెప్పునది ఒకవిధమైన సగటు. అలయొక్క శిఖరమున అది 1.414 రెట్లు, అనగా 325 వోల్టులు. మీట 230పై నున్నపుడు రెండు కండెన్సర్లును కలిసి ఆ 325ను పంచుకొనును. ఒక్కొక్కదానిపై సుమారు 163. మీట 115పై నున్నపుడు అమరిక మాఱును. అల పైకి పోవునపుడు ఒక కండెన్సరు, క్రిందికి పోవునపుడు రెండవది, ఒక్కొక్కటిగా నిండును. అమెరికాలో 120 వోల్టుల శిఖరము 170. రెండును చేరి 340. ఈ విధముగా రెండు దేశములందును లోపలి యంత్రమునకు దాదాపు ఒకే ఆహారము దొరకుచున్నది. ఇది మిక్కిలి చక్కని యుక్తి. అయితే ఆ కండెన్సర్లు సాధారణముగా 200 వోల్టులకు మాత్రమే తయారైనవి. మీట 115పై నుండగా మన విద్యుత్తు తగిలినచో ఒక్కొక్కదానిపై 325 పడును. ప్రేలుట అందువలననే.

దీనికి విరుద్ధముగా, ఇచ్చటి పెట్టెను మీట 230పై నుంచియే అమెరికాకు గొనిపోయినచో భయము లేదు. చాలినంత శక్తి లేక అది మేల్కొనదు, అంతే.

ఇటీవలి పెట్టెలలో చాలవానికి మీటయే లేదు. ల్యాప్‌టాప్ అడాప్టరుపై సన్నని అక్షరములలో "100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అను అర్థమిచ్చు పంక్తి యుండును. అట్టివి ఎచ్చటనైనను పనిచేయును. అమెరికాలో ప్రవాహము మాత్రము హెచ్చగును: 276 వాట్లు లాగు యంత్రము 230 వోల్టులవద్ద 1.2 ఆంపియర్లు, 115 వద్ద 2.4 ఆంపియర్లు తీసికొనును. కావున నాసి తీగలు వాడరాదు.

ప్లగ్గుల విషయమున పలువురు మోసపోవుచున్నారు. మనవి మూడు గుండ్రని పుల్లలు. సింగపూరు, మలేషియాలలో మూడు పలకపుల్లలు. అమెరికాలో చదునైన రేకులు. అంగడిలో దొరకు చిన్న ప్లగ్గు అడాప్టరు ఆకారమును మార్చునే కాని వోల్టులను మార్చదు. సింగపూరులో 230 వోల్టులే కనుక అచ్చట అది చాలును. అమెరికానుండి తెచ్చిన పలుసాకెట్ల పట్టీ మాత్రము ఇచ్చట పనికిరాదు. పిడుగుపాటు నుండియు హెచ్చు వోల్టుల నుండియు కాపాడుటకై దానిలో నుంచిన బిళ్ల 120 వోల్టులకు తగినది; మన 230 తగిలినచో అదియే కాలును.

మీట మార్చవలసినచో ముందుగా ప్లగ్గును గోడనుండి పూర్తిగా ఊడదీయవలెను. పవర్ సప్లై రేకుపెట్టెను పిల్లలు ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపను కండెన్సర్లలో కొంతసేపు ప్రమాదకరమైన శక్తి నిలిచియుండును.

తల్లులకొక మాట. కంప్యూటరునకున్న ఈ నేర్పు ఇడ్లీపిండి గ్రైండరునకు లేదు. దానిని ట్రాన్స్‌ఫార్మరుతో 230కి పెంచి నడిపినను, ట్రాన్స్‌ఫార్మరు ఆవర్తనములను మార్చజాలదు. 60 ఆవర్తనములపై మోటారు ఇంచుమించు అయిదవవంతు అధిక వేగముతో తిరుగును. ఇస్త్రీపెట్టె సంగతి వేరు: ఇచ్చటి 1000 వాట్ల పెట్టె అచ్చట 272 వాట్ల వేడియే యిచ్చును. బరువైన రాతి గ్రైండరును విమానమున మోసికొనిపోవుటకంటె, 120 వోల్టులకు తయారైనదానిని అచ్చటి భారతీయ దుకాణములలో కొనుటయే సులభము.