గాజుతొట్టెలో సింహమత్స్యం

అమృతం కోసం దేవదానవులు పాలకడలిని మథించినప్పుడు ముందుగా పుట్టినది హాలాహలమని పురాణాలు చెబుతున్నాయి. సముద్రం సౌందర్యానికీ, విషానికీ కూడా పుట్టినిల్లే. ఈ రెండింటినీ ఒకే దేహంలో ధరించిన జీవి సింహమత్స్యం. 'లయన్ ఫిష్' అనే ఆంగ్లనామంతో ఇది అక్వేరియం ప్రియులకు సుపరిచితం. హిందూ మహాసముద్రంలోనూ, పసిఫిక్ మహాసముద్రపు పశ్చిమ, దక్షిణ భాగాలలోనూ ఉన్న పగడపు దిబ్బలు దీని సహజ నివాసాలు. దేహమంతటా ఎరుపు, తెలుపు చారలు, జూలు విదిల్చిన సింహాన్ని తలపించే విశాలమైన వాజాలు, తొందరపాటు ఎరుగని మందగమనం చూపరులను మంత్రముగ్ధులను చేస్తాయి. ఈ అందమే దానిని సముద్రగర్భం నుండి మానవుల ఇళ్లలోని గాజుతొట్టెలకు చేర్చింది.

సముద్రజీవులను గాజుతొట్టెలో పెంచడం నిన్న మొన్నటి వేడుక కాదు. 1832లో జీన్ విల్‌ప్రూ పవర్ అనే విదుషి సిసిలీ ద్వీపంలో గాజుతొట్టెలు నిర్మించుకొని సముద్రజీవులను పరిశీలించింది. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపల శాల వెలసింది. నాడు జ్ఞానతృష్ణతో ఆరంభమైన పని క్రమంగా గృహాలంకరణగా కూడా మారింది.

సింహమత్స్యపు విషం దాని ముళ్లలో ఉంటుంది. వీపున 13, పొట్ట దిగువన ఉండే జంట వాజాలలో 2, తోకకు ముందున్న వాజంలో 3, మొత్తం 18 విషకంటకాలు దీనికి సాధారణంగా ఉంటాయి. ప్రతి ముల్లుకూ పొడవునా గాళ్లు ఉంటాయి. వాటిలో విషగ్రంథుల కణజాలం దాగి ఉంటుంది. పైన పలుచని చర్మం ఒరలా కప్పుతుంది. ముల్లు గుచ్చుకోగానే ఆ ఒర వెనుకకు జరిగి, విషం గాయంలోకి ప్రవహిస్తుంది. అయితే ఈ చేప తన విషాన్ని వేటకు వినియోగించదు. ఆహారాన్ని వాజాలతో మూలకు తరిమి, నోరు తెరిచి ఒక్క గుటకలో మింగుతుంది. విషం కేవలం ఆత్మరక్షణకే. కనుక దీనిని క్రూరజీవి అనడం న్యాయం కాదు.

దీనిని ఇంట పెంచదలచినవారు ముందుగా ఓర్పును అలవరచుకోవాలి. నీటిలో ఉప్పు కలిపి, అదే రోజున చేపను వదలడం దానికి మరణశాసనం రాయడమే. చేప విసర్జించే అమ్మోనియా దానికే ప్రాణాంతకం. ఆ అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గానూ, మరొక రకం దానిని అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మారుస్తాయి. ఈ సూక్ష్మజీవులు తొట్టెలో స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణాలు, 24 నుండి 27 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నిలకడగా ఉండాలి. దుకాణంలో అరచేతి కంటే చిన్నదిగా కనిపించే చేప 30 సెంటీమీటర్లకు మించి ఎదగగలదు. దానికి వందల లీటర్ల తొట్టె కావాలి. నోట పట్టే చిన్న చేపలను దానితో కలిపి ఉంచితే అవి దానికి ఆహారమవుతాయి.

తొట్టెను శుభ్రపరిచేటప్పుడు, మేత వేసేటప్పుడు ఏమరుపాటు తగదు. చేప ఎక్కడ ఉన్నదో చూడకుండా నీటిలో చేయి పెట్టరాదు. మేతను పొడవైన పటకారుతో అందించాలి. మరణించిన చేప ముళ్లలో సైతం విషం ఉంటుందని మరువరాదు. జెల్ల ముల్లు గుచ్చుకున్న బాధ మన తీరప్రాంత మత్స్యకారులకు అనుభవమే. సింహమత్స్యపు ముల్లు కలిగించే బాధ అంతకంటే తీవ్రం. వాపు, వికారం కూడా కలుగవచ్చు. ఈ విషంలోని ప్రోటీన్లు వేడికి తట్టుకోలేవు. అందుచేత గాయపడిన భాగాన్ని 45 డిగ్రీలకు మించని, ఓర్చుకోగలిగిన వేడినీటిలో 30 నుండి 90 నిమిషాలు ఉంచితే నొప్పి ఉపశమిస్తుంది. నొప్పితో ఉన్న చేతికి వేడి సరిగా తెలియదు కనుక నీటిని రెండవ చేతితో పరీక్షించాలి. ఆపై వైద్యుని సంప్రదించడం తప్పనిసరి. సింహమత్స్యపు కాటు ప్రాణం తీయడం అరుదు. దాని బంధువైన రాతిచేప, అనగా స్టోన్‌ఫిష్, విషం మరింత భయంకరం. దానికి విరుగుడు మందును 1959లో ఆస్ట్రేలియా వినియోగంలోకి తెచ్చింది. అటువంటి చేప ఇళ్లలో పెంచదగినది కాదు.

చేతికైన గాయం మానుతుంది. మానని గాయం మరొకటి ఉన్నది. సింహమత్స్యం సంరక్షణలో పదేళ్లకు పైగా జీవించగలదు. పెంచేవారి ఉత్సాహం అంతకాలం నిలువకపోవచ్చు. పెరిగిన చేపకు తొట్టె చాలనప్పుడు కొందరు దానిని సమీప సముద్రంలో వదిలివేస్తారు. చంపడానికి మనసొప్పక చేసిన ఆ పని వారికి దయగానే తోస్తుంది. దాని ఫలితాన్ని అట్లాంటిక్ మహాసముద్రం అనుభవిస్తున్నది.

అట్లాంటిక్ సింహమత్స్యపు జన్మస్థానం కాదు. అయినా 1985లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, డేనియా బీచ్ సమీపాన ఒక సింహమత్స్యం పట్టుబడింది. 1992లో ఆండ్రూ తుపాను ధాటికి ఒక అక్వేరియం పగిలి, ఆరు చేపలు సముద్రంలో కలిశాయని, వ్యాప్తికి అదే కారణమని ఒక కథ ప్రచారంలోకి వచ్చింది. అంతకు ఏడేళ్ల ముందే ఆ చేప అక్కడ ఉన్నదన్న వాస్తవం ఆ కథను నిలువనీయదు. అక్వేరియం పెంపకందారులు వదలిన చేపలే మూలమని శాస్త్రజ్ఞులు ఎక్కువగా విశ్వసిస్తున్నారు. తుపానుపై నింద మోపడం సులభం, తన చేతిని తాను ప్రశ్నించుకోవడం కష్టం.

ఒక ఆడచేప ఏడాదికి సుమారు 20 లక్షల గుడ్లు పెట్టగలదు. క్రొత్త సముద్రంలో దానిని అదుపు చేయగల శత్రువులు లేరు. అక్కడి చిన్న చేపలు దానిని శత్రువుగా గుర్తించలేకపోయాయి. 2004 నాటికి అది బహామాస్ దీవులకు చేరింది, అనంతరం కరీబియన్ అంతటా వ్యాపించింది. ఒక్క సింహమత్స్యం ఉన్న చిన్న దిబ్బపై ఐదు వారాలలో క్రొత్తగా చేరే పిల్లచేపలు సగటున 79 శాతం తగ్గినట్లు బహామాస్‌లో జరిపిన పరిశోధన 2008లో వెల్లడించింది. ఫ్లోరిడా 2014లో సజీవ సింహమత్స్యాల దిగుమతిని నిషేధించింది. ఈతగాళ్లు బల్లేలతో వేటాడుతున్నారు. మాంసంలో విషం లేదు కనుక ప్రజలు వండుకొని భుజిస్తున్నారు. అయినప్పటికీ ఆ సముద్రం నుండి దానిని పూర్తిగా తొలగించడం సాధ్యపడలేదు.

పెంచలేని చేపను దుకాణదారునికి తిరిగి ఇవ్వవచ్చు, అనుభవజ్ఞుడైన మరొకరికి అప్పగించవచ్చు. సముద్రంలో మాత్రం వదలరాదు. అంతకంటే మేలైనది, తెచ్చుకొనే ముందే పదేళ్ల బాధ్యతను తూచుకోవడం. హాలాహలాన్ని స్వీకరించిన శివుడు దానిని బయట విడువలేదు. లోకానికి హాని కలుగరాదని కంఠంలోనే నిలుపుకొన్నాడు. విషాన్ని చేపట్టినవాడు దానిని కడదాకా భరించాలని ఆ గాథ తెలుపుతున్నది.

ప్రశ్నలు

1. సింహమత్స్యపు విషం శరీరంలోకి ఎట్లా ప్రవేశిస్తుంది? దానికి ప్రథమ చికిత్స ఏమిటి?
2. అక్వేరియంలో సూక్ష్మజీవుల పాత్రను వివరించండి.
3. 'దయగా తోచిన పని హాని కలిగించవచ్చు.' ఈ మాటను పాఠం ఆధారంగా సమర్థించండి.